గాలి శుభ్రం కావాలి, ఖర్చు కూలీ నెత్తిన పడకూడదు



మగ్గం పనివాళ్ళకు పెట్రోలు, డీజిలు సంగతులెందుకని కొందరు సభ్యులు మమ్మల్ని అడుగుతున్నారు. కూలి రేట్లు, బోనసు, ఈఎస్ఐ, పీఎఫ్ ఇవి కదా సంఘం చూసుకోవలసినవి అంటున్నారు. ఇంకొందరైతే, పొగ నియంత్రణ చట్టాలన్నీ కారున్నవాళ్ళ కోసమే, వాటివల్ల మన పని పోవడమే తప్ప ఒరిగేదేమీ లేదని గట్టిగా వాదిస్తున్నారు. అడగవలసిన ప్రశ్నే. దానికి సూటిగా జవాబు చెప్పడం సంఘం బాధ్యత.

ముందు మన బతుకు చూసుకుందాం. కరెంటు పోతే షెడ్డు వెనక జనరేటరు మొదలవుతుంది, ఆ పొగ షెడ్డులోకే తిరిగి వస్తుంది. మన ఇళ్ళు లారీలు తిరిగే రోడ్ల పక్కన, బస్టాండు సందుల్లో ఉన్నాయి. షిఫ్టుకు పోయేది మోపెడ్ మీద, షేర్ ఆటోలో, లేకపోతే నడిచి. కారు అద్దాలెత్తుకుని ఏసీ వేసుకుని పోయేవాడికి రోడ్డు మీద పొగ పది నిమిషాల బాధ. మనకు అది రోజంతా ఉండేదే. పైగా షెడ్డులో దూది పొట్టు, నూలు దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులకే ఈ పొగ కూడా చేరుతోంది. కాబట్టి శుభ్రమైన ఇంధనం అన్నది కార్ల యజమానుల కోరిక మాత్రమే కాదు, ఎనిమిది గంటల పని లాగే అది కార్మికుల కోరిక.

అయితే ఆ శుభ్రం ఎక్కడ చేయాలి, ఖర్చు ఎవరు భరించాలి అన్న దగ్గరే అసలు పేచీ ఉంది. చరిత్ర చూస్తే రెండు సంగతులు తేలుతున్నాయి. ఇంధనాన్ని తయారయ్యే చోటే కట్టడి చేసినప్పుడు దేశమంతా ఒక్కసారిగా బాగుపడింది. ఆ పని చేయకుండా చివరి మనిషి మీద పడినప్పుడు గాలి బాగుపడలేదు, కూలీ మాత్రం నష్టపోయాడు.

మొదట చచ్చింది కార్మికులే

పెట్రోలులో సీసం కలిపిన కథ మనవాళ్ళందరూ తెలుసుకోవాలి. ఇంజనులో పెట్రోలు వేళకు ముందే భగ్గుమంటే ఇంజను టకటకమని కొట్టుకుంటుంది. దాన్ని ఆపడానికి అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ పరిశోధకుడు థామస్ మిడ్‌గ్లీ 1921లో టెట్రా ఇథైల్ లెడ్ అనే సీసపు మందు కనిపెట్టాడు. ఎథనాల్, అంటే చక్కెర మొలాసిస్ నుంచీ ధాన్యం నుంచీ తీసే ఆల్కహాలు కలిపినా ఆ చప్పుడు ఆగుతుందని వాళ్ళకు అప్పటికే తెలుసు. కానీ ఆల్కహాలు మీద పేటెంటు హక్కు దొరకదు, సీసపు మందు మీద దొరుకుతుంది. లాభం ఎటుంటే కంపెనీ అటు నడిచింది. 1923లో సీసం పెట్రోలు అమ్మకానికి వచ్చింది.

1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఆ మందు తయారుచేసే కార్మికులు ఐదుగురు చనిపోయారు. చావుకు ముందు వాళ్ళకు మతి చలించింది. ఇంకా ముప్పై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. మరో కంపెనీ ఫ్యాక్టరీలో కార్మికులు కళ్ళ ముందు లేని పురుగుల్ని తోలుకునేవారు, అందుకని ఆ షెడ్డుకు సీతాకోకచిలుకల ఇల్లు అని పేరు పడింది. బేవేలో యాజమాన్యం మనిషి పత్రికలవాళ్ళకు చెప్పిన సమాధానం ఏమిటో తెలుసా? వాళ్ళు మరీ కష్టపడి పనిచేయడం వల్ల పిచ్చెక్కి ఉంటుందన్నాడు! దేశం ఏదైనా యాజమాన్యం మాట ఒక్కటే అని మనకు తెలియనిది కాదు.

1925 మే నెలలో అమెరికా ప్రభుత్వం ఒక సమావేశం పెట్టింది. డాక్టర్ ఆలిస్ హామిల్టన్, యేల్ విశ్వవిద్యాలయం నుంచి యాండెల్ హెండర్సన్ ఈ సీసం ఊరూరా విషమవుతుందని హెచ్చరించారు. కార్మిక సంఘాల తరఫున వర్కర్స్ హెల్త్ బ్యూరో ప్రతినిధి కూడా వచ్చి గొంతు విప్పింది. కానీ 1926లో కమిటీ నిషేధానికి ఆధారాలు లేవని తేల్చింది, అమ్మకం మళ్ళీ మొదలైంది. ఫ్యాక్టరీలో కార్మికుడిని చంపిన విషమే ఆ తరువాత ప్రతి రోడ్డు మీదా పిల్లల రక్తంలోకి చేరింది. ప్రపంచంలో ఆఖరున అల్జీరియా 2021 జూలైలో సీసం పెట్రోలు ఆపింది. దాదాపు నూరేళ్ళు పట్టింది. ఫ్యాక్టరీలో కార్మికుడికి తగిలిన దెబ్బను లెక్కచేయని సమాజానికి అదే దెబ్బ తరువాత తగులుతుంది, ఇది గుర్తుపెట్టుకోవలసిన పాఠం.

ఒక్క గేటు దగ్గర కట్టడి చేస్తే

మన దేశంలో ఒకప్పుడు లీటరు పెట్రోలుకు అర గ్రాముకు పైగా సీసం కలపడానికి అనుమతి ఉండేది. ఎం.సి. మెహతా అనే న్యాయవాది సుప్రీంకోర్టులో వేసిన కేసుల వల్ల ప్రభుత్వం కదిలింది. 1994లో నాలుగు మహానగరాల్లో సీసం లీటరుకు 0.15 గ్రాములకు తగ్గించారు. 1995 ఏప్రిల్ 1 నుంచి అక్కడే కొత్త కార్ల కోసం సీసం లేని పెట్రోలు వచ్చింది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం పెట్రోలు ఆగిపోయింది.

ఇది ఎందుకు అవసరమైందో మన బెంగళూరులోనే బయటపడింది. జార్జ్ ఫౌండేషన్ అనే సంస్థ బెంగళూరు, హైదరాబాదు, చెన్నైతో సహా ఏడు నగరాల్లో పిల్లల, పెద్దల రక్తం పరీక్ష చేయించింది. పన్నెండేళ్ళ లోపు పిల్లల్లో సగానికి పైగా రక్తంలో డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములకు మించి సీసం ఉందని 1999 ఫిబ్రవరిలో బెంగళూరులో జరిగిన అంతర్జాతీయ సదస్సులో వెల్లడించారు. సీసం పిల్లల మెదడును మొద్దుబారుస్తుంది. చదువులో వెనకబడిన బిడ్డను మనం మందబుద్ధి అని తిట్టి, మగ్గం దగ్గరకు పంపిస్తాం. ఆ బిడ్డ తప్పు ఏముంది?

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. సీసం తీసేయడానికి ఏ ఆటో డ్రైవరునూ నిలబెట్టి జరిమానా వేయలేదు. రిఫైనరీలో కలపడం ఆపారు, అంతే. మంగళూరు రిఫైనరీ నుంచి హాసన్ మీదుగా దేవనగొంది దాకా గొట్టంలో వచ్చే నూనె ఆ గేటు దగ్గర శుభ్రంగా ఉంటే, బెంగళూరు నుంచి హిందూపురం దాకా లక్షల బండ్లు ఆ మేరకు ఒక్క రాత్రిలో మెరుగవుతాయి. పెయింట్ల నుంచీ పాత బ్యాటరీలు కరిగించే చోట్ల నుంచీ సీసం బెడద ఇంకా ఉందనేది నిజమే, కానీ గాలిలోంచి వచ్చే పెద్ద వాటా ఆ ఒక్క ఉత్తర్వుతో తెగింది.

నగరానికి ఒక డీజిలు, మనకు ఒకటి

డీజిలులో ఉండే గంధకం సంగతీ ఇంతే. గంధకం కాలితే ఘాటైన వాయువు, సన్నని మసి వస్తాయి. పొగను శుభ్రం చేయడానికి బండికి బిగించే పరికరాల్ని కూడా అది పాడుచేస్తుంది. అందుకే ఇంజను మెరుగుపడాలంటే ముందు నూనె మెరుగుపడాలి. ఒకప్పుడు మన డీజిలులో నూటికి ఒక పాలు దాకా గంధకం ఉండవచ్చు. అంటే పది లక్షల పాళ్ళలో పది వేలు. భారత్ స్టేజ్ నిబంధనల మెట్లు ఎక్కుతూ బీఎస్-3కి అది 350 పాళ్ళయింది, బీఎస్-4కి 50, 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అమలైన బీఎస్-6కి 10 పాళ్ళే. పది వేల నుంచి పదికి! ఇది చిన్న విజయం కాదు.

కానీ ఆ మెట్లు ఎవరు ముందు ఎక్కారో చూడండి. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 నిబంధన బెంగళూరు, హైదరాబాదుతో సహా పదమూడు నగరాలకే పెట్టారు. దేశమంతటా అది అమలైంది 2017 ఏప్రిల్ 1 నుంచే. ఏళ్ళ తరబడి చట్టం దృష్టిలో నగరవాసి ఊపిరికి ఒక డీజిలు, చిన్న ఊళ్ళవాళ్ళ ఊపిరికి ఏడు రెట్లు గంధకం ఉన్న డీజిలు. నగరానికి బట్టలు నేసి పంపేది మనం, దాని లారీల పొగ పీల్చేదీ మనం. గాలికి నగర పొలిమేర ఉండదని చట్టం చేసినవాళ్ళకు తెలియదా?

ఈనాటికీ ఆ చూపు పూర్తిగా పోలేదు. కేంద్రం 2019లో ప్రకటించిన జాతీయ శుభ్ర వాయు కార్యక్రమంలో కర్ణాటక నుంచి బెంగళూరు, దావణగెరె, హుబ్బళ్ళి-ధారవాడ, కలబురగి ఉన్నాయి. పరిశ్రమలతో, లారీలతో నిండిన దొడ్డబళ్ళాపురం అందులో లేదు. కొలిచే యంత్రం లేని చోట కాలుష్యం కూడా లేనట్టే లెక్క!

పని పోయింది, పొగ పోలేదు

మిల్లులు మూయించడానికే ఈ చట్టాలు అని భయపడే సోదరుల మాట కొట్టిపారేయలేం. 1996 జూలై 8న సుప్రీంకోర్టు ఢిల్లీలో 168 పరిశ్రమల్ని ఆ నవంబరు 30 లోగా నగరం నుంచి తరలించమని, లేదంటే మూసేయమని తీర్పు చెప్పింది. వాటిలో బట్టల మిల్లులూ ఉన్నాయి. వేల మంది మనలాంటి కార్మికులు రోడ్డున పడ్డారు. పరిహారం కోసం మళ్ళీ కోర్టు చుట్టూ తిరగవలసి వచ్చింది. అదే సమయంలో అదే ఢిల్లీలో సీసం పెట్రోలు ఇంకా అమ్ముతూనే ఉన్నారు. అది అక్కడ పూర్తిగా ఆగింది 1998లో. డీజిలులో అప్పుడు పది లక్షలకు ఐదు వేల పాళ్ళ గంధకం ఉంది, అంటే నేటికి ఐదు వందల రెట్లు. మిల్లుకు తాళం వేసినంత వేగంగా రిఫైనరీని కదిలించలేదు.

దీని నుంచి మనం నేర్చుకోవలసింది పొగ చట్టాల్ని ఎదిరించమని కాదు. చట్టం ఎవరితో మొదలుపెట్టాలో నిర్ణయించే చోట కార్మికుడి గొంతు లేకపోతే, అది ఎప్పుడూ బలహీనుడితోనే మొదలవుతుంది. అందుకే ఈ సంగతి సంఘం పట్టించుకోవాలి అంటున్నాం.

కల్తీ చేసేవాడు ఒకడు, జరిమానా కట్టేవాడు ఇంకొకడు

ప్రభుత్వం ఎంత శుభ్రమైన నూనె పంపినా దారిలో కల్తీ అయితే ఏం లాభం? సబ్సిడీ కిరసనాయిలు, మన ఊళ్ళో సీమెణ్ణె అంటామే, అది పేదవాడి పొయ్యికి చేరకుండా బంకుల్లో డీజిలులో కలిసిన రోజులు మనం చూశాం. గుర్తుపట్టడానికి నీలం రంగు కలిపారు. 2006లో ఇంకో గుర్తు మందు కలిపారు, రెండేళ్ళు తిరిగేసరికి అదీ ఆపేశారు. కిరసనాయిలు మీద సబ్సిడీ 2016 నుంచి క్రమంగా తీసేశాక ఆ దారిలో లాభం తగ్గింది. కానీ పేదవాడి దీపం ధర పెంచి దొంగను ఆపారు తప్ప, దొంగను పట్టి ఆపలేదు.

పట్టబోయినవాళ్ళకు ఏమైందో మరిచిపోకూడదు. మన కోలారు గోల్డ్ ఫీల్డ్స్ బిడ్డ మంజునాథ్ షణ్ముగం ఇండియన్ ఆయిల్‌లో సేల్స్ అధికారి. ఉత్తరప్రదేశ్ లఖీంపూర్ ఖేరీ జిల్లాలో కల్తీ బంకును మూయించినందుకు 2005 నవంబరు 19న అతన్ని కాల్చి చంపారు. మనలాగే పవర్లూములు నడిచే మాలేగావ్‌లో అదనపు కలెక్టరుగా ఉన్న యశ్వంత్ సోనావణేను 2011 జనవరి 25న మన్మాడ్ దగ్గర నూనె కల్తీ ముఠా నడిరోడ్డు మీద తగలబెట్టింది. ఇద్దరూ జీతం తీసుకుని తమ పని తాము సరిగ్గా చేసిన ఉద్యోగులు. వాళ్ళు మనవాళ్ళే.

ఇక మన సంగతి. ఎమిషన్ టెస్టు పత్రం లేకపోతే 2019 సవరణ తరువాత మోటారు వాహన చట్టంలో జరిమానా పది వేల రూపాయల దాకా ఉంది. మగ్గం కార్మికుడికి అది ఎన్ని వారాల కూలి? బండి పొగ వదిలితే తప్పు బండివాడిదేనా, ట్యాంకులో పోసిన నూనెదా అని ఎవరూ అడగరు. టెస్టు చేయించుకోవద్దని మేము చెప్పడం లేదు, తప్పక చేయించుకోండి. పాత టూ-స్ట్రోక్ మోపెడ్లకు ఆయిలు ఎక్కువ పోస్తే ఇంజను బాగుంటుందనే మాట నమ్మకండి, కంపెనీ చెప్పిన కొలత దాటితే అది పొగగానే బయటికి వస్తుంది. పెట్రోలులో క్యాన్సరు తెచ్చే బెంజీన్ ఉంది, ఇప్పుడు నూటికి ఒక పాలుకు మించకూడదని నిబంధన ఉన్నా, ఉన్నది ఉన్నట్టే. గ్రీజు చేతులు పెట్రోలుతో కడుక్కునే అలవాటు మానుకోండి.

అలాగే మీ హక్కు కూడా తెలుసుకోండి. ఏ బంకులోనైనా ఫిల్టరు కాగితం అడగవచ్చు, ఇవ్వవలసిందే. గొట్టం మూతిని శుభ్రంగా తుడిచి ఒక చుక్క పెట్రోలు ఆ కాగితం మీద వేయించండి. రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోవాలి. మరక మిగిలితే అనుమానించాలి. సాంద్రత కొలిచి చూపించమనీ అడగవచ్చు. ట్యాంకరు దిగినప్పుడు పుస్తకంలో రాసిన అంకెకూ దానికీ తేడా మూడుకు మించకూడదు. కొలత మీద అనుమానముంటే ఐదు లీటర్ల ముద్ర పాత్రతో కొలిపించమనండి.

ఎథనాల్ సంగతి

నూరేళ్ళ కింద కంపెనీలు పక్కనపెట్టిన ఆల్కహాలు ఇప్పుడు మన ట్యాంకులోకి వచ్చింది. నూటికి ఇరవై పాళ్ళు ఎథనాల్ కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులోనే ప్రధానమంత్రి ప్రారంభించారు. 2025 నాటికి దేశమంతా అదే మామూలు పెట్రోలైంది. నీతి ఆయోగ్ 2021 నివేదిక ప్రకారం దీనివల్ల ద్విచక్ర వాహనాల్లో కార్బన్ మోనాక్సైడు సగం దాకా తగ్గుతుంది. చెరకు, మొక్కజొన్న రైతుకు డబ్బు చేరుతుంది. మనలో చాలామంది రైతు బిడ్డలే, దీనికి మేము వ్యతిరేకం కాదు.

కానీ అదే నివేదిక ఇంకొకటి కూడా చెప్పింది. ఎథనాల్ కోసం తయారుకాని పాత ద్విచక్ర వాహనాలకు మైలేజీ నూటికి మూడు నాలుగు పాళ్ళు తగ్గుతుంది. నెలకు ఇరవై లీటర్లు పోయించేవాడికి లీటరు వంద రూపాయల లెక్కన నాలుగు పాళ్ళంటే ఎనభై రూపాయలు. కారువాడికి అది టీ ఖర్చు, మనకు బిడ్డ నోటు పుస్తకాల ఖర్చు. 2023 ఏప్రిల్ తరువాత వచ్చిన బండ్లు దీనికి తట్టుకునే రబ్బరు, లోహంతో చేసినవి. అంతకు ముందువి? మన దగ్గరున్నవి ఎక్కువగా అవే. ఎథనాల్ పెట్రోలుకు ధర తగ్గింపు ఇవ్వాలని ఆ నివేదికే సూచించింది. ఎథనాల్ సేకరణ ధరే ఎక్కువని, 2025 జూలై ఆఖరుకు సగటున లీటరు 71 రూపాయలు దాటిందని ప్రభుత్వం చెప్పింది. లెక్క నిజమే కావచ్చు. అయినా దేశానికి లాభం, గాలికి లాభం అన్నప్పుడు ఆ భారం పాత మోపెడ్ తోలేవాడి జేబులోంచి చెప్పకుండా తీయడం న్యాయం కాదు.

మన షెడ్డులో చేయవలసింది

ఇంటి దీపం ముందు సరిచేసుకోవాలి. 2023 జూలై 1 నుంచి అమ్మే కొత్త జనరేటర్లకు కఠినమైన పొగ నిబంధనలు వచ్చాయి. కానీ మన షెడ్డుల్లో చాలావరకు ఉన్నవి పాతవే. వాటికీ ఒక నిబంధన ఎప్పటినుంచో ఉంది. పొగగొట్టం షెడ్డు కప్పు కంటే ఎత్తుగా ఉండాలి. ఎంత ఎత్తు అంటే, కేవీఏ సంఖ్యకు వర్గమూలం తీసి 0.2తో గుణించినన్ని మీటర్లు. వంద కేవీఏ జనరేటరుకు కప్పు మీద రెండు మీటర్లు. గోడ పక్కన మోకాలి ఎత్తున గొట్టం వదిలేస్తే అది నిబంధనకు విరుద్ధం. ఇది కొలవడానికి ఇంజనీరు అక్కర్లేదు, టేపు చాలు.

చిన్న షెడ్డు యజమానులు కూడా అప్పుల్లో ఉన్నారని మాకు తెలుసు. నాలుగు మగ్గాల మనిషికీ నాలుగు వందల మగ్గాల మనిషికీ తేడా ఉందని ఒప్పుకుంటాం. కానీ గొట్టం పొడిగించడానికయ్యే ఇనుము ఖర్చు, ఒక కార్మికుడి ఊపిరితిత్తుల ఖర్చు కంటే చాలా తక్కువ.

కనుక సంఘం ఈ కోరికలు ముందుంచుతోంది:

1. దొడ్డబళ్ళాపురంలో గాలిని కొలిచే కేంద్రం పెట్టి, అంకెలు జనానికి కన్నడంలో, తెలుగులో తెలియజేయాలి.

2. బంకుల్లో కల్తీ తనిఖీలు తరచుగా జరగాలి, ఫలితం బంకు ముందు బోర్డు మీద రాయాలి. తనిఖీ చేసే ఉద్యోగులకు రక్షణ కల్పించాలి.

3. పాత ద్విచక్ర వాహనాల వాళ్ళకు ఎథనాల్ పెట్రోలు మీద ధర తగ్గింపు ఇవ్వాలి, లేదా తక్కువ ఎథనాల్ ఉన్న పెట్రోలు అందుబాటులో ఉంచాలి.

4. పారిశ్రామిక ప్రాంతంలో ఏడాదికి రెండుసార్లు ఉచిత ఎమిషన్ టెస్టు శిబిరం పెట్టాలి. మొదటి తప్పుకు జరిమానా కాకుండా బాగుచేయించుకునే గడువు ఇవ్వాలి.

5. ప్రతి షెడ్డు జనరేటరు పొగగొట్టం నిబంధన ప్రకారం ఉండాలి. చిన్న యజమానులకు ప్రభుత్వం సహాయం చేయాలి. కాలుష్యం పేరుతో ఏ షెడ్డు మూసినా కార్మికుడి కూలికి ముందుగా ఏర్పాటు జరగాలి.

సోదరులారా, ప్రతి షెడ్డు కమిటీ ఈ నెలలోపు జనరేటరు కేవీఏ ఎంతో, గొట్టం ఎత్తు ఎంతో కొలిచి కాగితం మీద రాసి కార్యాలయానికి తెచ్చివ్వండి. యజమాని పేరు అక్కర్లేదు, షెడ్డు నంబరు చాలు. ఆ కాగితాలన్నీ కలిపి కాలుష్య నియంత్రణ మండలి దగ్గరకు మనమే తీసుకుపోదాం. బేవేలో కార్మికులు చనిపోయాక జనం మేలుకున్నారు. మనం బతికుండగానే మేలుకుందాం.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!